తెల్ల దుమ్ము, ఎర్ర దుమ్ము

నేనిప్పుడు బాగున్నాను. ఆ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్ళు నా గురించి కంగారు పడకుండా మిగతాది నింపాదిగా చదువుతారని మొట్టమొదట పెట్టాను. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు మందు పీలుస్తాను. మధ్యలో అంగడి, వంట, మా అత్తతో వాదన, అన్నీ మామూలే. మా వీధి ఆడవాళ్ళు అప్పుడప్పుడు నన్ను పక్కకు పిలిచి, "సుగుణక్కా, నీకు ఎట్ల తగ్గింది?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒకసారి రాసి పెడితే మేలనిపించింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రోజుల్ని వరుసగా రాసుకుంటుంటే నాకే ధైర్యంగా ఉంది.

మాది తాడిపత్రి. స్టేషనుకు పోయే దారిలో మాకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. మా మామ పెట్టినది. ఆయన పోయాక మా ఆయన నాగరాజు, నేను నడుపుతున్నాం. సరుకు తేవడం, పెళ్ళిళ్ళకు సామాను పంపడం ఆయన పని. అంగట్లో కూర్చునేది నేను. జబ్బు పడేనాటికి ఇరవై రెండేళ్ళుగా పొద్దున ఏడింటికల్లా షట్టరు ఎత్తి, పొడిగుడ్డ తీసుకొని, బిందె మొదలు చెంచా దాకా తుడవడం నా అలవాటు. స్టీలు మీద దుమ్ముంటే కొనేవాళ్ళు చెయ్యి పెట్టరు.

దుమ్ముకు మా ఊళ్ళో కొదవ లేదు. ఊరి చుట్టూ బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు ఉన్నాయి. కోసేటప్పుడు కారే తెల్ల బురద ఎండి పిండిలా అవుతుంది. లారీ పోతే లేస్తుంది, బస్సు పోతే లేస్తుంది, మేక పరిగెత్తినా లేస్తుంది. మేం దాన్ని దుమ్మని కూడా అనం, పౌడరు అంటాం. అన్నం మీద పడితే ఊది తినేస్తాం.

రెండేళ్ళ కిందటి డిసెంబరు

దగ్గుతో మొదలైంది. చలికాలం కదా, ఎవరికి లేదు దగ్గు అనుకున్నాను. వీధి చివర సూదులు వేసే ఆయన ఎర్ర సిరప్ ఇచ్చాడు. అది అయిపోతే పచ్చ సిరప్ ఇచ్చాడు. అంగడి తెరిచి సామాన్లు తుడుస్తున్నప్పుడే దగ్గు ఎక్కువయ్యేది. ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా వగర్పు వచ్చేది. మధ్యాహ్నానికి కాస్త నెమ్మదించేది. దాంతో అది పనివల్ల వచ్చిన అలసట అనుకున్నాను. నలభై ఆరేళ్ళు వచ్చాయి, ఒళ్ళు మునుపటిలా ఉంటుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒకరోజు పొద్దున కాఫీకి నా గ్లాసు కనబడలేదు.

"అత్తా, నా గ్లాసేది?"

"ఆ కిటికీ కాడ పెట్టినా చూడు. కొన్నాళ్ళు దాంట్లోనే తాగు."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పల్ల? మా పెదనాయన ఇట్లనే దగ్గి దగ్గి పోయినాడు. ఇంట్లో చిన్నపిల్ల ఉండాది."

ఆ చిన్నపిల్ల ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి లావణ్య. అది పుస్తకంలోంచి తలెత్తి నన్ను చూసి, మళ్ళీ దించుకుంది. మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఏమీ వినబడనట్టే ఉన్నాడు. గ్లాసు మార్చినందుకు నాకు కోపం రాలేదు. అందరూ ఒకే జబ్బు అనుకుంటున్నారు, ఒక్కరూ దాని పేరు ఎత్తడం లేదు. దాని వల్ల భయం ఎక్కువైంది. మా అత్త ఒకటే చెప్పింది: "అంగట్లో దగ్గొద్దు. జనం రారు." దగ్గును ఆపుకోవడం ఎంత కష్టమో ఆపుకున్నవాళ్ళకే తెలుస్తుంది. గిరాకీ ఉన్నప్పుడు చీర చెంగు నోట్లో కుక్కుకొని, లోపలి గదిలోకి పోయి, గంగాళాల వెనక కూర్చొని దగ్గేదాన్ని.

జనవరి

ఆ పొద్దున మంచు పట్టింది. మంచు అని మేం అనుకున్నాం. మా ఊరు పెన్న ఒడ్డున పల్లంలో ఉంది, దూరంగా చుట్టూ గుట్టలు. చలికాలం పొద్దున గాలి ఏమాత్రం కదలదు. నీళ్ళు కాగబెట్టే పొయ్యిల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, లారీల పొగ, పౌడరు అంతా ఊరి మీద మూత పెట్టినట్టు నిలిచిపోతుంది. నాకప్పుడు ఇదేమీ తెలియదు. తెల్లగా ఉంటే మంచే అనుకునేదాన్ని.

షట్టరు సగం ఎత్తాను. మిగతా సగం ఎత్తడానికి గాలి చాలలేదు. గాలి లోపలికి పోతూనే ఉంది, బయటికి రావడం లేదు. లోపల నిండిపోయిన గాలి మీద ఇంకా గాలి పీలుస్తున్నాను. మెట్టు మీద కూర్చొని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు పైకెత్తి ఊపిరి కోసం తన్నుకున్నాను. పక్క టీ అంగడి ఆయన చూసి మా ఆయనకు ఫోన్ చేశాడు. మా ఊరి ఆసుపత్రిలో మూతికి తొడుగు పెట్టి ఆవిరి మందు పట్టారు. ఇరవై నిమిషాలకు ఛాతీ మీద కూర్చున్న మనిషెవరో లేచి పోయినట్టయింది. అక్కడి డాక్టరు అనంతపురం పోయి ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించమని రాసిచ్చాడు.

మరుసటి రోజు రైల్లో పోయాం. దిగాక మా ఆయన, "ఏది వచ్చినా మందులుండాయి. నువ్వేం దిగులు పడొద్దు" అన్నాడు. ఆయన గొంతులోనే దిగులుంది.

ఆ ఆసుపత్రి వరండాలో కూర్చున్నది మూడు గంటలే అయినా నాకు మూడు రోజుల్లా గడిచింది. బల్లలన్నీ నిండి ఉన్నాయి. ఎవరైనా దగ్గితే అందరూ కాస్త జరుగుతారు, మళ్ళీ వాళ్ళూ దగ్గుతారు. నా చీటీ మీద అరవై ఒకటో నంబరు. నా పక్కన గొంగడి కప్పుకున్న ఒక ముసలాయన కూర్చొని ఉన్నాడు. చాలాసేపు నన్నే చూసి, "నీది ఎంత నంబరమ్మా?" అని అడిగాడు.

మా ఆయన చెప్పాడు.

"నాది ఇరవై నాలుగు. ఇద్దో, ఇది పట్టుకో. నీది నాకియ్యి."

"వద్దు తాతా, నువ్వూ జబ్బుతోనే వచ్చినావు కదా" అన్నాను ఆగి ఆగి.

"గొర్రెల్ని కాసేవాణ్ణి తల్లీ. కూసోని ఎదురుచూసేది నాకు రోజూ ఉండే పనే."

చీటీ నా చేతిలో పెట్టి మొహం అటు తిప్పుకున్నాడు, ఇంక వాదన లేదన్నట్టు. లోపలి నుంచి వచ్చేసరికి ఆ మనిషి అక్కడ లేడు. ఎక్స్‌రేకు పోయినాడన్నారు. మళ్ళీ కనబడలేదు.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. నన్ను ఒక గొట్టంలోకి గట్టిగా ఊదమంది. తర్వాత ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. "ఏమ్మా, గాలి లోపలికి పోయేది కష్టమా, బయటికి వచ్చేది కష్టమా?"

"బయటికి."

కఫం పరీక్షలు కూడా చూసి, మేం భయపడుతున్న క్షయ కాదని చెప్పింది. ఉబ్బసం. అంటుకోదు. మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పైకి చూస్తూ గట్టిగా ఊపిరి వదిలాడు. ఆయన కూడా నెల రోజులుగా ఊపిరి బిగబట్టుకొని ఉన్నాడని అప్పుడు తెలిసింది.

పీల్చే మందు ఎలా వాడాలో చూపించి, "బాగున్నా మానొద్దు" అని రెండుసార్లు చెప్పింది. చివర్లో, "మీ ఊరూ అంగడీ నేను చూసిందాన్ని కాదు. ఏ రోజు ఎక్కువైతాందో, ఏం చేస్తాంటే ఎక్కువైతాందో రాసుకొని రా" అంది.

మార్చి నుంచి మే

ఇంట్లో ఆ మందు కొత్త గొడవ తెచ్చింది. మా అత్తకు గ్లాసు దిగులు పోయి ఈ దిగులు పట్టుకుంది. "పీల్చేదా? అది మొదలుపెడితే సచ్చేదాకా ఇడిసేది లేదంటనే" అంది. ఎదురింటావిడా అదే మాట అంది. నాకూ లోపల అదే ఉంది, అందుకే ఎవరి మీదా కోపం చేసుకోలేకపోయాను. మందును చీరల కింద దాచి, తలుపు వేసుకొని పీల్చేదాన్ని, తప్పుచేసినట్టు.

రాసుకోవడం మాత్రం బాగా నచ్చింది. జనవరి నుంచే గోడ క్యాలెండర్‌లో ప్రతి తేదీ కింద ఒక గుర్తు పెట్టేదాన్ని. బాగుంటే సున్న, ఆయాసం వస్తే గీత. లావణ్య పక్కనే చిన్న బాణం వేసేది, ఆ రోజు గాలి ఎటు నుంచి ఎటు కొట్టిందో తెలిసేలా. నేను ఇంకోటి కలిపాను. అంగట్లో తుడిచిన గుడ్డ ఏ రంగులో ఉందో కూడా రాసేదాన్ని. ఎప్పుడూ తెల్లగానే ఉంటుందనుకున్నాను కానీ అలా లేదు. చలి పొద్దుల్లో బూడిద రంగు. లారీలు ఎక్కువ తిరిగిన రోజు తెలుపు. గాలి గట్టిగా కొట్టిన రోజు ఎరుపు, చేల మట్టి. ఇరవై రెండేళ్ళు ఆ గుడ్డను పిండి ఆరేశాను గానీ ఒక్కనాడూ దాన్ని చూడలేదు.

ఎండలు ముదిరే కొద్దీ గీతలు తగ్గి సున్నలు పెరిగాయి. తాడిపత్రి ఎండ అందరికీ శాపం, ఆ ఏడాది నాకు మాత్రం కలిసొచ్చింది. పొద్దెక్కి నేల కాగితే పట్టిన పొగంతా పైకి లేచిపోతుంది. నడివీధిలో సుడిగాలి లేచి కాగితాల్నీ పౌడరునూ మేడల పైకి ఎత్తుకుపోతుంటే తలుపు వెనక నుంచి చూసేదాన్ని. మే నెలంతా ఒక్క గీత లేదు. జబ్బు పోయిందనుకున్నాను. మందు మానేశాను. మా అత్తకు చెప్పాను, "చూడత్తా, ఇడిసినా" అని. అలా చెప్పుకోవడంలో కాస్త పొగరు కూడా ఉంది.

జూలై

మాకు ఆషాఢం అంటే గాలి. పడమటి నుంచి మొదలుపెడితే పగలంతా అదే పనిగా కొడుతుంది. మబ్బులు వస్తాయి, మా తల మీదుగానే పోతాయి, వాన పడదు. వానంతా పడమటి కొండల అవతలే కురిసి, మాకు వట్టి గాలి మిగులుతుందని లావణ్య వాళ్ళ భూగోళం మాస్టారు చెప్పాడట. ఆ గాలి వాన పడని చేల మీదుగా ఎర్ర మట్టిని ఎత్తుకొని, ఫ్యాక్టరీల మీదుగా పౌడరును కలుపుకొని, పడమటి మొహంగా ఉన్న మా అంగట్లోకి నేరుగా వస్తుంది. గుడ్డ మీద రెండు రంగులూ పడ్డాయి. క్యాలెండర్ నిండా గీతలు. దాచిపెట్టిన మందు తీసి ఆయాసం వచ్చినప్పుడు మాత్రం పీల్చేదాన్ని.

రెండోసారి ఆసుపత్రిలో ఆవిరి పట్టించుకొని వచ్చిన రోజు ఇంట్లో గొడవ జరిగింది.

"అంగడి మూసేద్దాం" అన్నాడు మా ఆయన.

"మూసి?"

"నువ్వు ఇంట్లో ఉండు."

"ఇంట్లోకి వచ్చే గాలి వేరేదా?"

"అయితే కంబదూరు పో. మీ అన్న ఇంటి కాడ బండల్లేవు, ఫ్యాక్టరీల్లేవు. వానలు పడినంక వద్దువు గానీ."

ఆయన మంచికే అన్నాడు, నాకు తెలుసు. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. పుట్టింటికి పండక్కి పోవడం వేరు, పనికి రాని సామానును అటక మీదికి ఎక్కించినట్టు పంపడం వేరు. జబ్బుతో చచ్చిపోతానని నాకెప్పుడూ అనిపించలేదు. రోగిష్టిదాన్నని ఒక మూల కూర్చోబెడతారేమో అని మాత్రం చాలా భయపడ్డాను. కోపంలో సంచి సర్దుకున్నాను. మందు మాత్రం పెట్టుకోలేదు. మంచి గాలికి పోతున్నాను, అదెందుకు అనుకున్నాను.

కంబదూరులో మొదటి రెండు రోజులు నిజంగానే బాగుంది. మా అన్నది వానకు పండే చేను. తొలకరి పడితే వేరుశనగ వేయాలని దుక్కి దున్ని పెట్టి ఆకాశం వైపు చూస్తున్నారు. దూరంగా గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. అవి అంత జోరుగా తిరుగుతున్నాయంటే ఏమిటో నాకు తట్టాల్సింది. మూడో రోజు గాలి లేచింది. దున్నిన ఎర్రనేల మొత్తం గాల్లోకి లేచింది. దుప్పట్లు, నీళ్ళ కడవ, నా కనురెప్పలు, అన్నీ ఎర్రబడ్డాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం పంచలో అందరూ విత్తనం కాయలు ఒలుస్తున్నారు. నేనూ కూర్చున్నాను. పొట్టు ఎగురుతోంది, గాలి కొడుతోంది. పిడికెడు కాయలు ఒలిచానో లేదో, ఛాతీ మూసుకుపోయింది. ఈసారి జనవరి కంటే ఎక్కువ. నోట మాట రాలేదు. చేత్తో సైగ చేస్తే మా వదిన సరస్వతి చాట పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చింది.

"మందు పెట్టె యాడుండాది?"

లేదని తల ఊపాను.

ఇంక ఆమె ఏమీ అడగలేదు. ఎదురింటి ఆటో పిలిచి, తడిపిన చీర ఒకటి నా చుట్టూ కప్పి, కళ్యాణదుర్గం దాకా నా వెనకాల కూర్చొని తన చెయ్యి నా వీపు మీద ఆనించి ఉంచింది. "ఊదు. పీల్చేది తర్వాత. ముందు ఊదు సుగుణా, నిదానంగా ఊదు" అని దారంతా అంటూనే ఉంది. ఎవరు నేర్పారో తెలియదు. ఊదడం మీద మనసు పెట్టేసరికి భయం ఒక అడుగు వెనక్కి తగ్గింది. ఆసుపత్రి గేటు కనబడేదాకా ఆ గొంతు పట్టుకొనే బతికాను.

సాయంత్రానికి తేరుకున్నాక మంచం పక్కన కూర్చొని అప్పుడు తిట్టింది.

"దుమ్ము లేని ఊరు ఈ జిల్లాలో యాడుండాదో చెప్పు, నేనూ వస్తా. మా ఊరికి ఎర్రది, మీ ఊరికి తెల్లది. మందు ఇంట్లో పారేసి వచ్చి గాలిని తిడితే ఎట్లమ్మే?"

"ఒకసారి మొదలుపెడితే అలవాటు అయిపోతాదంట వదినా."

"అన్నం కూడా అలవాటే. మానుతావా?"

నవ్వు వచ్చింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గుతూనే నవ్వాను. పారిపోవడానికి చోటు లేదని తెలిసి దిగులు పడాల్సింది పోయి, నాకు బరువు దిగినట్టయింది. పారిపోనక్కర్లేదన్నమాట. ఇక మిగిలింది నా ఇంట్లో, నా అంగట్లో ఎలా ఉండాలో నేర్చుకోవడం. మరుసటి రోజే మా ఆయనకు ఫోన్ చేసి, వచ్చి తీసుకుపొమ్మన్నాను. "వానలు పడనీ" అన్నాడు. "వానల కోసం కాదు, నేను అంగడి కోసం వస్తాండా" అన్నాను.

సెప్టెంబరు నుంచి

క్యాలెండర్ ఆకులన్నీ చుట్ట చుట్టి డాక్టరమ్మ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆమె వాటిని బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. గీతలన్నీ రెండు చోట్ల గుంపుగా ఉన్నాయి. గాలి అసలు కదలని చలి పొద్దులు ఒకటి, గాలి ఆగకుండా కొట్టే ఆషాఢం ఒకటి. "నిలిచిన గాలీ పడదు, పరిగెత్తే గాలీ పడదు నీకు" అని నవ్వింది. తర్వాత తేదీల పక్కన నేను రాసుకున్న రంగుల మీద వేలు పెట్టి అడిగింది. "ఇంతకీ తుడిచేది ఏ గుడ్డతో? పొడిదా, తడిదా?"

"పొడిది. తడిదైతే స్టీలు మీద మరకలు పడతాయి."

"అయితే రాత్రంతా పడిన దుమ్మును పొద్దున్నే లేపి నువ్వే పీలుస్తాండావు కదమ్మా."

ఇరవై రెండేళ్ళు రోజూ చేసిన పని అది.

ఇంటికి వచ్చాక నేను మార్చినవి పెద్ద పనులేం కావు. ముందు తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ. అంగడికి లోపల అద్దాల తలుపు పెట్టించాం. చలికాలం ఏడింటికి కాదు, ఎండ వీధిలో పడ్డాక తొమ్మిదిన్నరకు షట్టరు ఎత్తడం. ఆషాఢంలో వాకిలి వైపు గోనెపట్టా కట్టి రోజుకు రెండుసార్లు తడపడం. ముక్కుకూ నోటికీ గుడ్డ. అన్నిటికంటే ముఖ్యం, మందు మానకపోవడం. ఇప్పుడు అది చీరల కింద లేదు, దేవుడి గూట్లో అగ్గిపెట్టె పక్కన ఉంది.

తొమ్మిదిన్నరకు తెరిస్తే గిరాకీ పోతుందని మా ఆయన మొదట గునిశాడు. రెండు వారాలకు జనమే అలవాటు పడ్డారు. మా అత్త మాత్రం ఒకరోజు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"అది ఎట్ల నొక్కల్లో నాకూ చూపియ్యి."

"నీకెందుకత్తా?"

"ఇంట్లో ఎవురూ లేనప్పుడు నీకొస్తే? నేను చూస్తా నిలబడల్లా?"

చూపించాను. ఆమె రెండుసార్లు తప్పుగా నొక్కింది, మందు గాల్లోకి పోయింది. మూడోసారి సరిగ్గా నొక్కింది. కిటికీ దగ్గరి గ్లాసు గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. దాని అవసరం లేకపోయింది.

వానలు ఆలస్యంగానైనా పడ్డాయి. వీధులు కడిగినట్టయ్యాయి. ఆ చలికాలం మొత్తంలో రెండే గీతలు.

పోయిన డిసెంబరు

ఓబుళమ్మ అనే మనిషి మా అంగడికి టిఫిన్ క్యారియర్ కోసం వచ్చింది. పాలిష్ ఫ్యాక్టరీలో కూలి. వయసు నాకంటే తక్కువే. తలుపు దాటి రెండు అడుగులు వేసి, అక్కడే కూర్చుండిపోయింది. రెండు చేతులు మోకాళ్ళ మీద, భుజాలు పైకి. షట్టరు దగ్గర నేను కూర్చున్నట్టే. నాకు చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి ఓబుళమ్మా?"

"ఏమోనక్కా. చలికి."

"చలికి కాదు. రేపు నాతో అనంతపురం రా."

"కూలి పోతాది."

"ఒక్క రోజే కదా, రా" అన్నాను. ఎంత పొద్దుపోయేదాకా చెప్పానో గుర్తు లేదు, చివరకు ఒప్పుకుంది.

దారిలో రైల్లో ఆమెకు నాకు తెలిసినదంతా చెప్పాను. తడిగుడ్డ, అద్దాల తలుపు, ఎండ పడ్డాక బయటికి రావడం. నా మాటల్లో ఎంత గొప్ప ధ్వనించిందో ఏమో, ఆమె అంతా విని, కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీ అంగడికి తలుపుండాదక్కా. నేను పౌడరులోనే నిలబడి పౌడరు ఊడ్చేదాన్ని. నేనేం తలుపు ఏసుకోల్ల?" అంది.

అనంతపురం దాకా చేతిలోని సంచి వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆమెది నా జబ్బు కాదు. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుంది. పోయిన మేరకు తిరిగి రాదు, ఇంకా పోకుండా మాత్రం ఆపుకోవచ్చు. ఎండిన పౌడరు దగ్గర పని మానేయాలి. ఓబుళమ్మ అంతా విని, "సరేమ్మా" అంది. మానేసి ఏం చేయాలని ఆమె అడగలేదు, డాక్టరమ్మా చెప్పలేదు.

వారం రోజులు నాకు తిండి సహించలేదు. అప్పుడు మా ఆయనే అన్నాడు, "పోయి అడుగుదాం పద. నేనూ వస్తా." ముగ్గురం కలిసి ఓబుళమ్మ పనిచేసే ఫ్యాక్టరీ యజమాని దగ్గరికి పోయాం. చెడ్డ మనిషేం కాదు. కుర్చీలు వేయించాడు. నేను విషయం చెప్పి, ఊడ్చేముందు నేల తడిపితే పౌడరు లేవదు కదన్నా అన్నాను.

"నీళ్ళు యాడ తేవల్ల తల్లీ? బోర్లు ఎండినాయి. తాగనీకే ట్యాంకరు తెప్పించుకుంటాండాము."

అది అబద్ధం కాదు. ఈ నేల మీద ఎవరైనా ఆ మాట అంటే ఎదురు చెప్పలేం. మా ఆయన లేవబోయాడు. అప్పటిదాకా గోడ పక్కన నిలబడి ఉన్న ఓబుళమ్మ ముందుకొచ్చింది.

"అన్నా, పాలిష్ పట్టిన నీళ్ళు కాలవలోకి ఇడుస్తాండారు కదా?"

"అవి మురికి నీళ్ళు."

"నేను తాగల్లని అడగడం లేదన్నా. నేలకు చల్లల్లని అడుగుతాండా. గుంత తవ్వి నిలబెడితే పైకి తేరుకుంటాయి. అవే చల్లుకుంటాం."

ఆయన ఆమెనూ కాలవనూ మార్చి మార్చి చూశాడు. ఓబుళమ్మ పదమూడేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న మనిషి. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదంతే. "చూద్దాం" అన్నాడు. మా దగ్గర "చూద్దాం" అంటే లేదని అర్థం. కానీ నెలకు గుంత తవ్వించాడు. రెండు నెలలు ఓబుళమ్మ మా అంగట్లో నాతో పాటు సామాన్లు సర్దింది. ఉగాది దాటాక ఆయనే కబురు పెట్టాడు. ఊడ్చే పని కాదు, గేటు దగ్గర లారీకి ఎక్కించే బండలు లెక్కపెట్టే పని. అక్కడా గాలి ఉంటుంది, అయినా మునుపటిలా కాదు. పీల్చే మందు ఆమెకూ ఉంది. అన్నీ సరైపోయాయని నేను రాయను. పక్కనున్న ఫ్యాక్టరీల్లో చాలావాటిలో ఇప్పటికీ పొడి చీపురే.

ఈ ఏడు జూలై

మొన్న ఆషాఢం గాలి మొదలైన మూడో రోజు, మధ్యాహ్నం మొహానికి గుడ్డ కట్టుకొని ఆ ఫ్యాక్టరీకి పోయాను. నా మనసు అక్కడే ఉంది, చూడకుండా ఉండలేకపోయాను. గేటు దాటేసరికి పడమటి నుంచి ఒక విసురు వచ్చింది. రోడ్డంతా తెల్లగా లేచింది, కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి లోపలి నేల అలాగే ఉంది, నల్లగా, తడిగా. ఇద్దరు ఆడవాళ్ళు గుంతలో నీళ్ళు ముంచి చల్లుతున్నారు.

ఓబుళమ్మ లారీ పక్కన స్టూలు మీద నిలబడి ఉంది. కూలీలు బండను ఎక్కించే కొద్దీ ఆమె పైకి అంటోంది, అందరికీ వినబడేలా. పన్నెండు, పదమూడు. గాలి ఆమె కొంగును లాగేస్తోంది. పదహారు, పదిహేడు. పద్దెనిమిది దగ్గర ఆగింది. స్టూలు మీద చెయ్యి ఆనించింది. బండ ఎత్తుకున్న ఇద్దరూ ఎత్తుకున్నట్టే నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.

నిదానంగా గాలి బయటికి ఊదింది, లోపలికి తీసుకుంది.

"పంతొమ్మిది" అంది.